మూట కట్టగానే సాయం అందినట్టేనా?

పిల్లలూ! గోదావరికి పెద్ద వరద వచ్చిందని తెలియగానే మీ బడిలో ఏం చేస్తారు? ప్రార్థన అయ్యాక హెడ్మాస్టరుగారు నాలుగు మాటలు చెబుతారు. మర్నాడు అందరూ ఇంటినుంచి ఏదో ఒకటి పట్టుకొస్తారు. ఒకరు డబ్బాడు బియ్యం, ఒకరు పాత చొక్కా, ఒకరు సబ్బుబిళ్ల, ఇంకొకరు తాతగారు వాడగా మిగిలిన మాత్రలు. సాయంత్రానికి వరండా నిండిపోతుంది. అన్నీ కలిపి మూటలు కట్టి లారీ ఎక్కిస్తారు. లారీ కదలగానే అందరూ చప్పట్లు కొడతారు.

మన పని అయిపోయిందనుకుంటాం. నిజానికి అప్పటికి అయింది సగం పనే. ఆ మూట లారీ దిగాలి, రేవు చేరాలి, పడవ ఎక్కాలి, ఏరు దాటాలి, ఎవరో భుజాన వేసుకుని బురదలో నడవాలి, చివరకు పొయ్యి వెలగని ఒక ఇంటికి అది చేరాలి. దారిలో ఎక్కడ ఆగిపోయినా ఆ మూట వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు. ఇవ్వాలనే మంచి మనసుకు కొంచెం లెక్క, కొంచెం విజ్ఞానం తోడు కావాలి. ఎలాగో చూద్దాం.

నీటి మధ్య ఊళ్లు

రాజమండ్రి దిగువన ధవళేశ్వరం ఆనకట్ట దాటాక గోదావరి పాయలుగా చీలిపోతుంది. తూర్పున గౌతమి, పడమర వశిష్ఠ. వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ చీలుతుంది. గౌతమికీ వశిష్ఠకూ నడుమనున్న కొబ్బరితోటల సీమే కోనసీమ. ఇది పూర్వం తూర్పు గోదావరి జిల్లాలో వుండేది. 2022లో అమలాపురం కేంద్రంగా వేరే జిల్లా అయింది.

ఈ పాయల్లో నది తెచ్చిన ఒండ్రు పేరుకుని ఏర్పడిన దిబ్బలను లంకలంటారు. ఒండ్రు సారవంతమైన మట్టి కాబట్టి జనం అక్కడ ఊళ్లు కట్టుకుని కూరగాయలు, అరటి, కొబ్బరి పండిస్తున్నారు. ఏటిగట్లు వరదనీటిని బయటి పొలాల్లోకి రాకుండా ఆపుతాయి. కాని లంకలు వుండేది రెండు గట్ల నడుమ, నదిలోనే. అందుకే వరద మొదట తాకేది వాటిని.

1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు ప్రవహించింది. క్యూసెక్కు అంటే సెకండుకు ఒక ఘనపుటడుగు నీరు, అంటే 28 లీటర్ల పైచిలుకు. గుణించి చూడండి. సెకండుకు దాదాపు 10 కోట్ల లీటర్లు! ఆ వరదకు భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో మళ్లీ పెద్ద వరద వచ్చింది. అప్పుడు భద్రాచలం వద్ద 71.3 అడుగులు, ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులకు పైగా నమోదయ్యాయి.

అంత వరదలో దారులు ఏమవుతాయో ఊహించండి. చాకలిపాలెం నుంచి కనకాయలంకకు వెళ్లే కాజ్‌వే లాంటివి నీట మునుగుతాయి. కోటిపల్లి–ముక్తేశ్వరం, నరసాపురం–సఖినేటిపల్లి రేవుల్లో వాహనాలను దాటించే పంట్లను ఆపేస్తారు. రావులపాలెం దాకా లారీ రాగలదు. ఆ తరువాత లంకలోకి వెళ్లాలంటే పడవే గతి.

గరాటుతో ఒక ప్రయోగం

వంటింట్లో నూనె పోసే గరాటు ఒకటి, ఒక గ్లాసు పొడి ఇసుక, చిన్నచిన్న గుడ్డపేలికలు కొన్ని తీసుకోండి. గరాటులో ముందు ఇసుక మాత్రం పోయండి. బరబరా జారిపోతుంది. ఎన్ని అంకెలు లెక్కపెట్టేలోగా ఖాళీ అయిందో రాసుకోండి. ఈసారి ఇసుకలో గుడ్డపేలికలు కలిపి పోయండి. ఏమైంది? పేలికలు గొట్టం మొదట్లో ఇరుక్కున్నాయి. ఇసుక వాటి వెనక ఆగిపోయింది.

గరాటు పైభాగం ఎంత వెడల్పుగా వున్నా కింది గొట్టం ఎంత సన్నగా వుందో అంతే వేగంగా ఇసుక దిగుతుంది. సాయం సంగతీ అంతే. గరాటు పైభాగం రాష్ట్రమంతా ఇచ్చే సరుకు. సన్నని గొట్టం లంక రేవులోని పడవ. వందలారీల సరుకు రేవుకు చేరినా లంకకు అందేది పడవ మోసినంతే. కాబట్టి పడవలో ఏది ముందు ఎక్కాలన్నదే అసలు ప్రశ్న.

పడవ ఎంత మోస్తుంది?

ఆర్కిమెడిస్ సూత్రం మీరు చదువుకునే వుంటారు. తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువుగల నీటిని పక్కకు నెడుతుంది. లెక్క తేలిక కావడానికి మన పడవ పెట్టెలా వుందనీ, పొడవు 10 మీటర్లు, వెడల్పు 2 మీటర్లనీ అనుకుందాం. అడుగు వైశాల్యం 20 చదరపు మీటర్లు. ఈ పడవ ఒక సెంటీమీటరు మునిగితే 0.2 ఘనపు మీటర్ల నీటిని నెడుతుంది. ఆ నీటి బరువు 200 కిలోలు. అంటే ప్రతి 200 కిలోలకూ పడవ ఒక సెంటీమీటరు దిగుతుందన్నమాట.

నిజమైన పడవ అడుగు సన్నగా వంపు తిరిగి వుంటుంది గనుక ఇంకా ఎక్కువే మునుగుతుంది. వరదలో అలలు, సుడులు, కొట్టుకొచ్చే చెట్లమానులు వుంటాయి. పడవ అంచు నీటికి తగినంత ఎత్తున మిగలాలి. అనుభవమున్న పడవవాళ్లు "ఇంక చాలు" అన్నాక ఒక్క మూట కూడా ఎక్కించకూడదు. ఆ ఒక్క మూట వల్ల అందరి ప్రాణాలకూ ముప్పు రావచ్చు.

ఇప్పుడొక లెక్క చేద్దాం. ఒక లంకలో 500 కుటుంబాలున్నాయనుకోండి. 2022 వరదలప్పుడు ప్రభుత్వం కుటుంబానికి 25 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, కిలో బంగాళాదుంపలు, కిలో ఉల్లిపాయలు, లీటరు పామాయిలు చొప్పున ఇచ్చింది. ఈ సరుకంతా సుమారు 29 కిలోలు. మన పడవ ఒక దఫాకు 50 కుటుంబాల సరుకు, అంటే 1,450 కిలోలు తీసుకెళుతుందనుకుందాం. వెళ్లి రావడానికి రెండు గంటలు. పగటివేళ పది గంటల్లో ఐదు దఫాలు. రాత్రిపూట వరదలో పడవ నడపడం ప్రమాదం. 500 కుటుంబాలకు పది దఫాలు, అంటే రెండు రోజులు.

ఇంతలో రేవులో పాత బట్టల మూటలు గుట్టగా పడివున్నాయి. "ముందు ఇవి పంపండి" అని ఎవరో తొందరపెట్టారు. బట్టలు బరువు తక్కువే, కాని చోటు చాలా ఆక్రమిస్తాయి. మొదటిరోజు మూడు దఫాలు బట్టలకే పోయాయి. ఇక ఆరోజు తిండి అందింది 100 కుటుంబాలకే. రెండోరోజు మరో 250 కుటుంబాలకు. మిగిలిన 150 కుటుంబాలు మూడోరోజు దాకా ఎదురుచూడాలి. బట్టలు ఇచ్చినవారి ఉద్దేశం మంచిదే. అయినా 150 ఇళ్లలో పిల్లలు ఒక రాత్రి ఎక్కువ పస్తున్నారు.

నీళ్లు మోయాలా, శుభ్రం చెయ్యాలా?

చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం చుక్క లేదు. వరద బాధితుల మొదటి కష్టం ఇది. బావులు, చేతిపంపులు మునిగి మురికినీరు కలుస్తుంది. ఆ నీరు తాగితే కలరా, విరేచనాలు, కామెర్లు రావచ్చు.

మనిషికి తాగడానికే రోజుకు 3 లీటర్లు అనుకున్నా 2,000 మందికి 6,000 లీటర్లు కావాలి. లీటరు నీరు కిలో బరువు. అంటే 6 టన్నులు. మన పడవకు రోజూ నాలుగు దఫాలు దాటుతుంది. ఇక బియ్యం ఎప్పుడు తేవాలి?

ఇక్కడ రసాయనశాస్త్రం ఆదుకుంటుంది. మామూలు బావినీరు వెయ్యి లీటర్లను శుద్ధి చేయడానికి మంచి బ్లీచింగు పౌడరు రెండున్నర గ్రాములు సరిపోతుంది. అందులోని క్లోరిన్ రోగక్రిములను చంపుతుంది. ఈ లెక్కన 6,000 లీటర్లకు 15 గ్రాములు! వరదనీటిలో మట్టి, కుళ్లు ఎక్కువ గనుక ఇంకా చాలా వెయ్యాలి. పదిరెట్లు వేసినా 150 గ్రాములే. 6 టన్నులు మోయడానికి బదులు జేబులో పట్టే పొట్లం ఒకటి మోస్తే చాలన్నమాట.

అయితే మూడు జాగ్రత్తలున్నాయి. ముందు నీటిని తేరనిచ్చి, గుడ్డలో వడకట్టాలి. మందు కలిపాక కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. ఎంత కలపాలో ఆరోగ్య కార్యకర్తలే పరీక్షచేసి చెప్పాలి. మీరు సొంతంగా బ్లీచింగు పౌడరు ముట్టుకోకండి. అది కళ్లకు, చర్మానికి హాని చేస్తుంది.

ఇంకొక సంగతి. ఇది నది వరదకే పనికొస్తుంది. తుఫానులో సముద్రపు ఉప్పెన వచ్చి బావుల్లో ఉప్పునీరు కలిస్తే బ్లీచింగు పౌడరు ఏమీ చేయలేదు. అది క్రిములను చంపుతుందే తప్ప ఉప్పును తీసెయ్యలేదు. అప్పుడు మంచినీరు బయటనుంచి తీసుకురాక తప్పదు. కాబట్టి సాయం పంపేముందు "వచ్చింది వరదా, ఉప్పెనా?" అని అడగాలి.

ఏ రోజుకు ఏ సరుకు?

అవసరాలు రోజురోజుకూ మారతాయి. మొదటిరోజు ఇంట్లో పొయ్యి వుండదు, ఎండుపుల్ల దొరకదు. గ్యాసు సిలిండరు కొట్టుకుపోయి వుండవచ్చు. అప్పుడు బియ్యం ఇస్తే ఏం చేసుకుంటారు? వండిన అన్నం, రొట్టె, బిస్కెట్లు, అటుకులు కావాలి. పొట్లాల్లో పులిహోర ఎక్కువగా పంపుతారు, గమనించారా? చింతపండులోని ఆమ్లం సూక్ష్మజీవుల ఎదుగుదలను మందగింపజేస్తుంది. వేడివేడి అన్నాన్ని అలాగే మూటకడితే ఆవిరి లోపలే నీరై కొన్ని గంటల్లో పాసిపోతుంది. చల్లార్చి కట్టాలి, ఆరోజే తినాలి.

రెండుమూడు రోజులయ్యాక బియ్యం, పప్పు, నూనె, గిన్నెలు, అగ్గిపెట్టెలు కావాలి. ఇంటికప్పు పోయినవారికి టార్పాలిన్లు, దుప్పట్లు కావాలి. వరదకు పాములు మెరకచోట్లకు చేరతాయి కాబట్టి టార్చిలైట్లు చాలా అవసరం. గడ్డివాములు కొట్టుకుపోతాయి గనుక పశువులకు మేత కావాలి. పాడిగేదె చచ్చిపోతే ఆ ఇంటి సంపాదనే పోయినట్టు. ఇంకొన్నాళ్లకు పుస్తకాలు, విత్తనాలు కావాలి.

ఒక్కోసారి తిండికన్నా ముందు కావలసినవి మనం ఊహించనివి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తాకిన తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. లక్షలాది కొబ్బరిచెట్లు కూలాయి. రోడ్లకు అడ్డంగా చెట్లు పడివుంటే ఏ లారీ కదలగలదు? అలాంటి చోటికి బియ్యం బస్తాకన్నా ముందు చేరవలసినవి గొడ్డళ్లు, రంపాలు, మోకులు.

ఎవరూ అడగని సరుకులు

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు తెలుగువాళ్లంతా కదిలిపోయారు. సినీనటులు ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలెపట్టి తిరిగి విరాళాలు పోగుచేశారు. డబ్బులో ఒక సౌకర్యం వుంది. దానికి బరువు లేదు. ఏది అవసరమో అది, దగ్గరలోనే కొనుక్కోవచ్చు. దగ్గరి ఊరి వర్తకులకూ బేరం దొరుకుతుంది.

వస్తువులకు ఆ సౌకర్యం లేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చాక తమిళనాడు తీరంలో పాత బట్టలు గుట్టలుగా రోడ్లపక్క పడివున్నాయి. అన్నీ పోగొట్టుకున్నవారు కూడా చిరిగిన బట్టలు, తమకు అలవాటులేని బట్టలు తొడుక్కోవడానికి ఇష్టపడలేదు. కష్టంలో వున్నంతమాత్రాన వారికి అభిమానం వుండదా? మనం వేసుకోలేనిది ఇంకొకరికి ఇవ్వకూడదు.

మందుల సంగతి మరీ విచిత్రం. 1988 డిసెంబరులో ఆర్మీనియాలో పెద్ద భూకంపం వచ్చింది. ప్రపంచం నలుమూలలనుంచి 5,000 టన్నుల మందులు, వైద్యసామగ్రి వచ్చిపడ్డాయి. అందులో వెంటనే వాడుకోగలిగినవి నూటికి 30 వంతులే! ఎన్నో పెట్టెలమీద పేర్లు అక్కడివారికి తెలియని భాషల్లో వున్నాయి. కొన్నిటికి గడువు దాటిపోయింది. ఏది ఏమిటో తేల్చడానికి 50 మందికి ఆరునెలలు పట్టింది. రోగుల దగ్గర వుండవలసినవారు పెట్టెల దగ్గర కూర్చున్నారు. తాతగారి మిగిలిన మాత్రలు ఎందుకు పంపకూడదో ఇప్పుడు తెలిసింది కదూ?

పసిపిల్లల పాలపొడి కూడా ఇలాంటిదే. మురికినీటిలో కలిపి పడితే అదే జబ్బు తెస్తుంది. చంటిబిడ్డకు తల్లిపాలే క్షేమం. తల్లికి కడుపునిండా తిండి, మంచినీరు అందేలా చూడటమే బిడ్డకు చేసే సాయం. తల్లిపాలు అందని బిడ్డకు ఏం పట్టాలో డాక్టరు చెప్పాలి.

మూటమీద రాత

మూట విప్పితేగాని లోపల ఏముందో తెలియకపోతే రేవులో పని ఆగిపోతుంది. వానలో విప్పితే సరుకు తడుస్తుంది. అందుకని ఒక్కో పెట్టెలో ఒకే రకం సరుకు పెట్టండి. పెట్టెమీద రెండు పక్కలా పెద్ద తెలుగు అక్షరాలతో ఏమిటి, ఎన్ని, ఎంత బరువు, ఏ తేదీ అని రాయండి. బట్టలైతే ఆడవారివా, మగవారివా, ఎన్నేళ్ల పిల్లలవో రాయండి.

దేనితో రాయాలి? ఒక అట్టముక్కమీద సిరాతో ఒక మాట, మైనపు రంగుబలపంతో ఒక మాట రాసి నీళ్లు చిలకరించండి. సిరా చెదిరిపోతుంది. మైనం నీటిని అంటనివ్వదు గనుక ఆ రాత నిలుస్తుంది.

బరువు సంగతీ మరచిపోవద్దు. 75 కిలోల బస్తాను లారీలో వెయ్యడం సులువే. బురదరేవులో ఒక మనిషి దాన్ని దించలేడు. పాతిక కిలోల సంచి అయితే భుజాన వేసుకుని నడవగలడు. లోపల ప్లాస్టిక్ సంచి, పైన గోనెసంచి వుంటే బియ్యం తడవవు.

చివరి ఇల్లు

సరుకు లంకకు చేరాక కూడా ఒక చిక్కుంది. పడవ ఆగేచోట వున్నవారికి రెండుసార్లు అందుతుంది. లంక ఆ కొసన వున్న పేటకు ఒక్కసారీ అందదు. గట్టుపక్కనే లారీ ఆగే ఊళ్లలోనూ ఇదే జరుగుతుంది. హెలికాప్టరు పైనుంచి పొట్లాలు వేస్తే పరుగెత్తగలిగినవాడికి దొరుకుతాయి. ముసలమ్మకు, కుంటివాడికి దొరకవు.

దీనికి మందు ఒక నోటుపుస్తకం. వీధివారీగా ఇళ్ల పట్టిక, ఇంట్లో ఎందరు, పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు ఎందరు అని రాసివుండాలి. ఇచ్చిన ప్రతి ఇంటికీ ఎదురుగా గుర్తు పెట్టాలి. సాయంత్రం ఆ పేజీ చూస్తే ఎవరికి అందలేదో ఇట్టే తెలుస్తుంది.

ఈ పట్టిక వరద వచ్చాక తయారుచేసేది కాదు. అదృష్టవశాత్తు గోదావరి ముందుగానే కబురు చెబుతుంది. భద్రాచలం దాటిన వరద ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఎగురవేస్తారు. కాజ్‌వే మునగకముందే బియ్యం, బ్లీచింగు పౌడరు, మందులు లంకలోని మెరకచోటికి చేర్చితే ఆ తరువాత పడవమీద భారం సగం తగ్గుతుంది. ఏరు పొంగాక పది దఫాల్లో దాటించేదాన్ని ముందురోజు ఒకటి రెండు లారీలు దాటిస్తాయి.

మీరే లెక్క కట్టండి

1. ఒక లంకలో 300 కుటుంబాలు. కుటుంబానికి నలుగురు. పడవ దఫాకు 50 కుటుంబాల సరుకు, రోజుకు ఐదు దఫాలు. మొత్తం ఎన్ని దఫాలు కావాలి? ఎన్ని కుటుంబాల సరుకు రెండోరోజుకు మిగులుతుంది?

2. వారికి మనిషికి 3 లీటర్ల చొప్పున ఒకరోజు తాగునీటి బరువు ఎంత?

3. మీ వీధి పట్టిక తయారుచెయ్యండి. ఎన్ని ఇళ్లు? ఎందరు? నడవలేనివారు ఎందరు?

జవాబులు: మొదటిదానికి ఆరు దఫాలు, 50 కుటుంబాలు. రెండోదానికి 3,600 కిలోలు. మూడోదాని జవాబు మీ దగ్గరే వుంది. ఇక మొదటి లెక్కలో రెండోరోజు దాకా ఆగవలసిన ఆ 50 కుటుంబాలు ఏవి కావాలి? ఎవరు ఆగగలరు, ఎవరు ఆగలేరు? మీ తరగతిలో అందరూ కూర్చుని మాట్లాడి నిర్ణయించండి.